పడమటి గాలి పంట

మంచూ, నీది ఈ ఊరు కాదు. ఔలీ వాలు మీద దేవదారు కొమ్మల్ని వంచి కూర్చున్న నిన్ను చూసినవాళ్లు, ఎదురుగా ఉన్న నందాదేవి ఒళ్లోనే పుట్టావనుకుంటారు. నీ పుట్టిల్లు మధ్యధరా సముద్రం వైపు ఉంది. అక్కడ చలిగాలీ వెచ్చగాలీ ఒరుసుకున్న చోట ఒక అలజడి లేస్తుంది. భూమికి పది కిలోమీటర్ల పైన, పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తే జెట్ స్ట్రీమ్ దాన్ని తనతో లాక్కొస్తుంది. దారిలో కాస్పియన్ దగ్గర కొంత తడి, పర్షియన్ గల్ఫ్ దగ్గర కొంత, అరేబియా సముద్రం నుంచి మరికొంత. ఇరాన్ ఎడారులు, ఆఫ్ఘన్ కొండలు, పంజాబ్ గోధుమ చేలు దాటి వచ్చి హిమాలయానికి ఎదురు తగులుతుంది. ఇక ముందుకు దారి లేదు. పైకెక్కాలి. ఎక్కినకొద్దీ చల్లబడాలి, చల్లబడ్డకొద్దీ మోసుకొచ్చిన తడిని వదిలేయాలి. వాతావరణ శాఖ బులెటిన్‌లో దాని పేరు వెస్టర్న్ డిస్టర్బెన్స్. వాలు మీద నిలబడి తలెత్తి చూసేవాళ్లకు అది నువ్వు.

పెద్ద చోట్ల నీ గొప్ప అందరూ ఎరుగుదురు. గుల్మార్గ్‌లో గండోలా దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి నీ ముందు దింపుతుంది. ఆల్ప్స్ కొండల్లో నిన్ను నమ్ముకుని ఊళ్లకు ఊళ్లే బతుకుతాయి. నేను కొనియాడదలచింది ఆ నిన్ను కాదు. ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో, జోషీమఠ్‌కి పైన, రెండున్నర వేల మీటర్ల నుంచి మూడు వేల మీటర్ల దాకా పరుచుకున్న ఒక వాలు మీద పడే నిన్ను. అక్కడున్నది ఒక చెయిర్‌లిఫ్ట్, నిలబడ్డవాళ్లను మంచు మీదే పైకి లాక్కెళ్లే ఒక స్కీ లిఫ్ట్, పక్కన ఓక్ చెట్లూ దేవదారులూ, అన్నిటికీ పైన గోర్సన్ బుగ్యాల్ అనే గడ్డిమైదానం. స్కీయింగ్ లోకం లెక్కలో ఇది చాలా చిన్న చోటు. చిన్న చోట కాబట్టే నీ విలువ జానలతో కొలుస్తారు. జానెడు ఎక్కువ పడితే పండగ. జానెడు తగ్గితే ఆ ఏటి రాబడి పోయినట్టే.

మన బదరీ యాత్రికులకు జోషీమఠ్ తెలియని ఊరు కాదు. గోదావరి జిల్లాల నుంచీ తెలంగాణ నుంచీ వచ్చిన బస్సులు అక్కడ ఆగుతాయి, నరసింహ స్వామి దర్శనం చేసుకుంటారు, టీ తాగుతారు, పైకి సాగిపోతారు. అయితే వాళ్లు చూసేది వేసవి కొండలు, దుమ్ము రేగే రోడ్డు, ఆకుపచ్చని లోయ. నవంబరులో బదరీనాథ్ గుడి తలుపులు మూసి, శంకరాచార్యుల గద్దె జోషీమఠ్ నరసింహ స్వామి గుడికి దిగివచ్చాక, ఆఖరి యాత్రికుల బస్సు కూడా తిరుగుముఖం పట్టాక, అప్పుడు మొదలవుతుంది నీ కాలం. దేవుడు కిందికి దిగాకనే నువ్వు దిగుతావు. ఈ వరస నాకు ఎంతో నచ్చుతుంది.

ఔలీలో హనుమంతుడి గుడి ఒకటి ఉంది. సంజీవని కోసం వెళ్తూ ఇక్కడ కాసేపు అలుపు తీర్చుకున్నాడని చెబుతారు. సంజీవని ఉన్న ఆ ద్రోణగిరి ఈ వాలు మీద నుంచి కనిపిస్తుంది, 7,066 మీటర్ల శిఖరం. దాని కింద ఉన్న ద్రోణగిరి గ్రామంలో మాత్రం హనుమంతుడికి పూజ లేదు, మా కొండ ముక్క ఎత్తుకుపోయాడని ఇప్పటికీ కోపం. చిన్నప్పుడు హరికథల్లో విన్న కొండ నిజంగా అలా తెల్లగా నిలబడి ఉంటుందని, దానికొక ఊరూ, ఆ ఊరికొక అలకా ఉంటాయని తెలిసిన రోజున నాకు రామాయణం ఇంకా దగ్గరయింది. ఆ శిఖరాన్ని అంత తెల్లగా ఉంచేదీ నువ్వే.

నీ కోసం ఎదురుచూడడం ఎలా ఉంటుందో చెప్పాలి. అనంతపురం మెట్టచేలో వేరుశనగ విత్తనం ఇంట్లో పెట్టుకుని రైతు పడమటి దిక్కు చూస్తాడే, అలా. డిసెంబరు వస్తుంది. వాలు మీద ఎండిన గడ్డి ముదురు గోధుమ రంగులో ఉంటుంది. అద్దెకిచ్చే గమ్‌బూట్లు దుకాణంలో వరసలుగా వేలాడుతుంటాయి. స్కీ నేర్పే కుర్రాళ్లు స్కీల అంచులు పదును పెట్టుకుని, అడుగున వ్యాక్స్ రుద్ది, గోడకు ఆనించి కూర్చుంటారు. మేడ మీద ఒకడు ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, ఆఫ్ఘనిస్తాన్ మీద తెల్లటి మేఘపు తోక కనిపిస్తే కిందికి కేకేస్తాడు. డిసెంబరు నుంచి మార్చి దాకా నెలకు నాలుగైదు అలజడులు ఈ దారిన పోతాయి. అన్నీ ఇటు తిరగవు. కొన్ని కశ్మీర్‌లోనే ఖాళీ అయిపోతాయి. కొన్ని ఇంకా ఉత్తరంగా జారిపోయి, ఔలీ మీద ఒక మబ్బుతునక మాత్రం చూపించి వెళ్లిపోతాయి.

నువ్వు వచ్చే ముందు ఆకాశం కబురు పంపుతుంది. మొదట చాలా ఎత్తున పలుచటి పొరలు, గుర్రపు జూలు విరబోసినట్టు. ఆ పొరలు నిజానికి మంచు రేణువులే. వాటిలోంచి వెన్నెల విరిగి చంద్రుడి చుట్టూ వరదగుడి కడుతుంది. వరదగుడి చూసి వాన లెక్క కట్టడం మన పెద్దలకూ తెలుసు, ఆ కొండ పెద్దలకూ తెలుసు. మర్నాటికి మబ్బు కిందికి దిగి నందాదేవిని మింగేస్తుంది. అంతకుముందు రాత్రుల్లో సున్నాకి ఐదారు డిగ్రీలు కింద వణికిన ఊరు ఆ రాత్రి కాస్త వెచ్చబడుతుంది. మబ్బు దుప్పటి నేల వేడిని పైకి పోనివ్వదు కదా. కొత్తవాళ్లు చలి తగ్గిందని సంబరపడతారు. అక్కడివాళ్లు కట్టెలు లోపలికి చేర్చుకుంటారు.

తరవాత వాన మొదలవుతుంది, కింద. జోషీమఠ్ పంతొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. ఔలీ పైకొస కంటే వెయ్యి మీటర్లకు పైగా కింద. పైకి పోయే ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీలు తగ్గుతాయి. కాబట్టి ఊరిబజారులో రేకుల మీద చినుకులు టపటపమంటున్న గంటలోనే, పైన వాలు మీద చప్పుడన్నదే ఉండదు. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక గీత ఉంటుంది. జీపులో పైకి వెళ్తుంటే ఒక మలుపు దగ్గర అద్దం మీద చినుకులు బరువెక్కుతాయి, ఇంకో మలుపుకు అవి జారకుండా అంటుకుంటాయి, మరో మలుపుకు వైపర్ తెల్లటి ముద్దను పక్కకు నెడుతుంది. ఆ గీత దాటడాన్ని కళ్లతో చూడగలగడం ఒక భాగ్యం. డ్రైవర్ మాత్రం అక్కడే బండి ఆపి దిగి చక్రాలకు చైన్లు బిగిస్తాడు. అతని ఆరాధన అది.

ఒక్క రేకును దగ్గరగా చూస్తే చాలు, నిన్ను ఎందుకు పొగడాలో తెలుస్తుంది. నల్ల గ్లవ్ చాచి నిలబడితే ఒకటి వచ్చి వాలుతుంది. ఆరు చేతులు. ప్రతి చేతికీ ఈనెల్లాంటి కొమ్మలు, కొమ్మల చివర ఇంకా సన్నటి కొమ్మలు. ఒక చేయి మీద ఎక్కడ మొటిమ ఉందో మిగిలిన ఐదింటి మీదా దాదాపు అక్కడే. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకునే తీరే ఆరు మూలల తీరు, అందుకే ఆరు. మేఘంలో పదిహేను డిగ్రీల మైనస్ చలి తగిలితే ఇలా ఈకల్లా విచ్చుకుంటావు. ఐదు డిగ్రీల మైనస్ దగ్గర సూదులవుతావు. నువ్వు ఏ ఎత్తున ఎంత తడి తాగావో, ఎంత చలిలో ఎదిగావో అంతా నీ ఒంటి మీదే రాసి ఉంటుంది. 1936లో ఉకిచిరో నకాయా అనే జపాన్ శాస్త్రవేత్త హొక్కైడోలో, ప్రయోగశాల చలిగదిలో కుందేలు వెంట్రుక మీద తొలిసారి నీ స్ఫటికాన్ని పెంచి చూపించాడు. వెంట్రుక కొసన ఎదుగుతున్న ఆ ఆరు చేతుల్ని మొదటిసారి చూసిన ఆయన కళ్లను తలచుకుంటే నాకు అసూయ. నా గ్లవ్ మీది రేకు ఊపిరి తగిలి, అంచుల నుంచి మొదలై, గుండ్రటి బొట్టయింది.

రాత్రంతా కురిసి తెల్లారి తెరిపిచ్చిన ఉదయం ఔలీకి సాటి వచ్చే ఉదయం నేనెరగను. కొత్తగా పడిన నీలో పదింట తొమ్మిది పాళ్లు గాలే. పది సెంటీమీటర్ల నువ్వు కరిగితే ఒక సెంటీమీటరు నీళ్లు. ఆ గాలి గూళ్లే శబ్దాన్ని తాగేస్తాయి, అందుకే కుక్క మొరిగినా ఎక్కడో దూరం నుంచి వినబడుతుంది. మీద పడిన వెలుగులో ఎనభై తొంభై పాళ్లు తిరిగి పంపేస్తావు, అందుకే గడ్డం కింద కూడా ఎండ కాలుతుంది. కళ్లద్దాలు లేకుండా నిన్ను చూడబోయినవాడు సాయంత్రానికి కళ్లు మండి కూర్చుంటాడు. 7,816 మీటర్ల నందాదేవి ముందు రోజు ఎక్కడ మాయమైందో అక్కడే, కడిగి ఆరబెట్టినట్టు నిలబడి ఉంటుంది. పక్కన హాథీ పర్వతం, ఇంకా దూరంగా కామెట్. చేతికర్రను నీలోకి లోతుగా దించి పైకి తీసి, ఆ రంధ్రంలోకి తొంగి చూడాలి. లోపల నీలం! బయటి తెలుపులో దాక్కున్న నీలం. వెలుగు నీ రేణువుల మధ్య తిరిగి తిరిగి లోతుకు పోయేసరికి ఎరుపును నువ్వు తాగేస్తావు, నీలం మిగులుతుంది. ఆ రంధ్రం ముందు పెద్దవాళ్లు కూడా మోకాళ్ల మీద కూర్చోవడం చూశాను.

అంత మెత్తగా ఉంటే స్కీలు కూరుకుపోతాయి. అందుకని స్నో బీటర్ వస్తుంది. పట్టాల మీద నడిచే యంత్రం, పొద్దున్నే వాలంతా తిరిగి నిన్ను అదిమి, వెనక సన్నటి గాళ్లు తీర్చి పోతుంది. ఐటీబీపీ జవాన్లు వరసగా దిగుతారు. పర్వతారోహణకూ స్కీయింగ్‌కూ వాళ్ల శిక్షణ సంస్థ ఇక్కడే ఉంది. సరిహద్దు కాయడానికి నిన్ను నేర్చుకునేవాళ్లు వాళ్లు. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ల వారం రోజుల కోర్సు, రెండు వారాల కోర్సు చేరిన కాలేజీ పిల్లలు ఇంకో పక్క పడుతూ లేస్తూ ఉంటారు. వీళ్లందరికీ కింద, వాలు చదునైన చోట, ఊరికే చూసిపోదామని వచ్చి స్కీలు కట్టుకున్నవాళ్లు.

అక్కడే ఒక తల్లీ కొడుకూ తెలుగులో మాట్లాడుకోవడం విన్నాను. ఆవిడ చీర కుచ్చిళ్లు ఉన్ని ప్యాంటులోకి దోపి, స్కీల మీద కొయ్యలా నిలబడింది. నేర్పే కుర్రాడు హిందీలో చెబుతుంటే కొడుకు అందిస్తున్నాడు.

"అమ్మా, కాలి వేళ్ల వైపు దగ్గరికి తీసుకో, మడమలు దూరంగా పెట్టు. అప్పుడు ఆగుతుందట."

"ఆగడం సరేరా, ముందు కదలనీ."

"కిందికి చూడకు, ఎదురుగా చూడు."

"ఎదురుగా చూస్తే ఆ కొండ కనబడుతోందిరా. కాళ్ల సంగతి మర్చిపోతున్నా."

అంటూనే ఆవిడ కదిలింది. నాలుగు బారలు జారి, చేతులు చాచి, పడకుండా ఆగింది. స్కీ అడుగున ఒరిపిడికి నీ పైపొర వెంట్రుకవాసి కరిగి తడవుతుంది, ఆ తడి మీదే జారడం. ఇంత సన్నటి విషయం మీద ఒక మనిషికి అంత సంతోషం నిలబడింది.

ఒకే శీతాకాలంలో నువ్వు ఎన్ని తీర్లుగా ఉంటావో! చలి ముదిరిన రోజుల్లో పొడిగా ఉండి, బూటు కింద కిర్రుమంటావు. శిఖరం మీద గాలి వీచిన చోట ఒక పక్క గీరుకుపోయి, ఇంకో పక్క దిబ్బలుగా పేరుకుంటావు. ఎండ తగిలే వాలుపై పొద్దున గాజులా పెళుసుబారి, మధ్యాహ్నానికి మెత్తబడతావు. ఉత్తరానికి ముఖం పెట్టిన నీడ వాలులో మాత్రం రోజుల తరబడి పడినట్టే ఉంటావు. ఔలీ వాలు ఎక్కువగా ఆ దిక్కుకే దిగుతుంది, ఇంత తక్కువ ఎత్తులో నువ్వు నిలవడానికి అది పెద్ద కారణం. రోడ్డు మీద పగలు కరిగిన నీరు రాత్రి గడ్డకట్టి కంటికి కనపడని పాలా అవుతుంది. డ్రైవర్లు నిన్ను చూసి భయపడరు, పాలాను చూసి భయపడతారు. అదీ నీ రూపమే, దానికి కూడా దండం.

స్కీలు తొక్కేవాళ్ల కోసమే నువ్వు వస్తావనుకుంటే పొరపాటు. జోషీమఠ్ చుట్టూ ఆపిల్ తోటలున్నాయి. ఆపిల్ చెట్టు సరిగ్గా పూయాలంటే ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి, తోటవాళ్లు చిల్లింగ్ అవర్స్ అని లెక్క పెట్టుకుంటారు. నువ్వు నేలను కప్పి ఆ చలిని నిలబెడతావు. అదే సమయంలో నీ కింద నేలను మరీ గడ్డకట్టనివ్వవు. బయట మైనస్ పదయినా మోకాలి లోతు నీ కింద మట్టి సున్నా దగ్గరే ఉంటుంది, గడ్డి వేళ్లు బతుకుతాయి. వాన అయితే ఈ వాలు మీద ఒక పూటలో పారిపోతుంది. నువ్వు వారాల తరబడి బొట్టుబొట్టుగా నేలలోకి దిగుతావు. ఊరి ధార, అంటే రాతి నోటి నుంచి పడే ఊట, మే నెలలో కూడా ఆగకుండా పడుతోందంటే ఫిబ్రవరిలో నువ్వు చేసిన పని అది. తోటలోని ముసలి రైతు స్కీలు ఎన్నడూ కట్టి ఉండడు. నీ రాకకు అందరికంటే ముందు చేతులు జోడించేది ఆయనే.

అందుకే నువ్వు రాని ఏడు ఇంత కలవరం. 2023 డిసెంబరు, 2024 జనవరి పడమటి హిమాలయమంతా పొడిగా గడిచాయి. గుల్మార్గ్ కూడా గోధుమ రంగులో కనబడింది, ఇక ఔలీ ఏం చేస్తుంది! జనవరి చివరికి గానీ నువ్వు మొహం చూపలేదు. మంచు చాలక స్కీ పోటీలు ఆగిపోయిన ఏళ్లు అంతకుముందూ ఉన్నాయి. 2011 జనవరిలో దక్షిణాసియా వింటర్ గేమ్స్ ఇక్కడ జరిపినప్పుడు, వాలు మీద ఒక చెరువు తవ్వి, ఆ నీళ్లను చిమ్మి మంచు చేసే గన్‌లు పెట్టారు. ఆ యంత్రాలకూ చలి కావాలి. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సున్నాకి రెండు డిగ్రీలన్నా కిందికి దిగితే తప్ప అవి పని చెయ్యవు. పైగా వాటి నుంచి వచ్చేవి గడ్డకట్టిన నీటి గుండ్లు. ఆరు చేతులుండవు, ఈనెలుండవు. వాలును కప్పుతాయి, కాదనను. గ్లవ్ చాచి ఎదురుచూడవలసినవి మాత్రం కావు.

ఒక జనవరిని తలచుకుంటే నిన్ను పొగడబోయిన నోరు ఆగుతుంది. 2023లో జోషీమఠ్ ఇళ్లు బీటలు వారాయి. పాత కొండచరియ మట్టి మీద ఊరు కూర్చుని ఉందని, బరువు పెంచవద్దని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్లు ఉపగ్రహ చిత్రాలు పోల్చి, డిసెంబరు 27 నుంచి జనవరి 8 లోపు ఊరిలో కొంత భాగం 5.4 సెంటీమీటర్లు కుంగిందని లెక్క కట్టారు. కుంగుడు మొదలైన పైకొస ఔలీ రోడ్డు పక్కనే. ఊరి నుంచి ఔలీకి పోయే రోప్‌వే ఆపేశారు. జనం సామాన్లు సర్దుకుని హోటల్ గదుల్లోకీ బడుల్లోకీ మారిన ఆ రోజుల్లోనే నువ్వు వచ్చావు, బీటలన్నిటినీ కప్పేస్తూ. ఏటా ఎవరి కోసం వాకిట్లో నిలబడి చూసేవారో ఆ నిన్నే చూసి వాళ్లు ఏడ్చారు. తప్పు నీది కాదు. పైనుంచి వచ్చేదానికి కింద మేం ఏం చేసుకున్నామో తెలియదు.

మార్చిలో నీ పోకడ మారుతుంది. పగలు కరిగి రాత్రి గట్టిపడి, మళ్లీ కరిగి మళ్లీ గట్టిపడి, ఈకలన్నీ రాలిపోయి గుండ్రటి గింజలవుతావు. పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ గింజల మీద జారడమంత సుఖం స్కీయింగ్‌లో లేదని తెలిసినవాళ్లు చెబుతారు. తరవాత బురదే. అడవి అంచున బురాన్ష్ పూలు విచ్చుకుంటాయి. ఒక ఆలస్యపు అలజడికి నువ్వు మళ్లీ వచ్చి ఆ ఎర్రటి పూల గుత్తుల మీద పడితే, రెండు రుతువులు ఒకే కొమ్మ మీద కనిపిస్తాయి. పూట తిరక్కుండానే పూలు నిన్ను దులుపుకుంటాయి. వాలు కింది నుంచి గోధుమ రంగు మచ్చలు ఒక్కొక్కటే కలుసుకుంటూ పైకెక్కుతాయి. నువ్వు వాగుల్లో చేరి, విష్ణుప్రయాగలో ధౌళిగంగను కలుపుకున్న అలకనందలో పడి పోతావు. ఏప్రిల్ దాటాక గోర్సన్‌లో లేత గడ్డి లేస్తుంది, గొర్రెలు పైకెక్కుతాయి.

ఇక అడిగేది అడుగుతాను, స్తోత్రం చేసినవాళ్లందరూ అడిగేవాళ్లే కదా. డిసెంబరు సగం గడిచాక ఒకసారి రా, నేల బాగా చల్లబడ్డాక. మోకాలి లోతు అక్కర్లేదు, గడ్డి కొసలు మునిగితే చాలు. సంక్రాంతి వెళ్లాక తీరుబడిగా రా, రెండు రాత్రులు విడవకుండా కురువు. నీ వెనక ఎండ రానీ, ఆ వెనక గాలి మాత్రం రానివ్వకు. బీటలిచ్చిన గోడల ఊళ్లో కప్పుల మీద తేలిగ్గా పడు, తోటల్లో బరువుగా పడినా ఎవరూ ఏమీ అనరు. ఆపిల్ పూత మీద వడగళ్లై దిగకు. మార్చి మూడో వారం దాకా వాలు వదలకు, ఈ ఏడు అప్పు చేసి కొత్త స్కీ జతలు తెచ్చిన కుర్రాడు తొలి వాయిదా కట్టేది అప్పుడే.